అదను చెప్పే యంత్రం: ఎంతవరకు నమ్మవచ్చును?

సేద్యంలో అదను, పదును అని రెండు మాటలున్నవి. విత్తడానికి తగిన కాలం అదను. విత్తనం మొలవడానికి చాలినంత నేల తడి పదును. పెద్దలు వీటిని కార్తెలను బట్టి లెక్కించేవారు. ఇప్పుడు కృత్రిమ మేధ ఆ లెక్క వేయగలదని చెబుతున్నారు. పల్లి పంటకు పేరుపడిన వనపర్తి జిల్లాలో, శ్రీరంగాపూర్ వంటి ఊరిలో, ఈ మాట విన్న విద్యార్థి సంతోషించవలసినదే. కాని వెంటనే రుజువు కూడా అడుగవలెను.

రుజువు అడగదగిన ప్రయోగం కృష్ణా, తుంగభద్ర నదులకు ఆవల, కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో జరిగినది. 2016 వానాకాలంలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తవలెనో తెలుగులో ఫోను సందేశాలు పంపినవి. 1986 నుండి 2015 వరకు 30 ఏండ్ల వాతావరణ దత్తాంశాలను కంప్యూటర్‌కు ఇచ్చి, పైరు అవసరానికి నేల తడి ఏ వారంలో సరిపోవునో లెక్క కట్టినారు. జూన్ తొలి వారంలో విత్తే అలవాటు గల రైతులకు ఆ ఏడు చివరి వారం వరకు ఆగుమని సలహా వచ్చినది. సగటున హెక్టారుకు 30 శాతం అధిక దిగుబడి వచ్చినదని ప్రకటించినారు. 2017లో పథకం కర్ణాటకతో కలిపి 3,000 మందికి పైగా రైతులకు విస్తరించినది. అప్పుడు చెప్పిన లాభం పంటను బట్టి 10 నుండి 30 శాతం.

ఈ ప్రయత్నంలో మెచ్చదగినవి ఉన్నవి. రైతు ఏ పరికరమూ కొననక్కరలేదు. మామూలు ఫోను చాలును, భాష తనదే. తొలకరి చినుకుకు తొందరపడి విత్తి, తరువాత వాన ముఖం చాటేస్తే విత్తనం మట్టిపాలవుతుంది. ఊడలు దిగే దశలో బెట్ట తగిలితే కాయ నిండదు. కావున తడిని లెక్కించి తేదీ చెప్పడమన్న ఆలోచన శాస్త్రసమ్మతమైనదే.

అయితే 30 శాతమన్న అంకెను పరిశీలించవలసి ఉన్నది. 175 మంది అనగానే 175 పరీక్షలు జరిగినట్లు తోచును. అది పొరపాటు. ఒకే మండలంలో, ఒకే ఏడాది, ఆ పొలాలన్నీ ఇంచుమించు ఒకే వానను చూచినవి. ఒకే కుండలోని మెతుకులు 175 పట్టి చూచినా తెలిసేది ఆ కుండ సంగతే. జూన్ చివరి వారం తొలి వారం కంటె మేలని ఆ ఒక్క ఏడు చెప్పవచ్చును. ప్రతి ఏడూ యంత్రమే గెలుచునని చెప్పలేదు. దానికి ఎన్నో ఏండ్ల వానలు కావలెను. పైగా, సలహా పాటించడానికి ముందుకు వచ్చే రైతు ఎరువులోనూ కలుపుతీతలోనూ శ్రద్ధ గలవాడే కావచ్చును. లాభం తేదీ వలన వచ్చినదా, శ్రద్ధ వలన వచ్చినదా? ఈ చిక్కు విప్పడానికే 1920ల దశకంలో ఇంగ్లండులోని రొథామ్‌స్టెడ్ కేంద్రంలో ఆర్.ఏ. ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వేయవలెనో చీటీలు తీసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించే పద్ధతిని స్థాపించినాడు.

ఫిషర్ శిష్యులలో ఒకరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదన్న దానికి దత్తాంశాలలోని సమాచారమే హద్దు అని ఆయన 1945లో గణితపూర్వకంగా చూపినారు. సాఫ్ట్‌వేర్ ఎంత చురుకైనదైనా తన దత్తాంశాలలో లేని సంగతిని కల్పించలేదు. దేవనకొండ లెక్క వానాకాలపు వర్షాధార పైరుది. వనపర్తి ప్రాంతంలో పల్లి ముఖ్యంగా యాసంగి పంట. అక్కడ వాన కంటె బావినీరు, కాలువనీరు, చలి ముఖ్యం. నదికి ఆవలి లెక్కను ఇవతలి చేనికి అట్లే దించుకొనరాదు.

కృత్రిమ మేధ నిజంగా నెగ్గిన చోటును కూడా చూడవలెను. ప్రోటీన్ల ఆకృతిని ఊహించే ఆల్ఫాఫోల్డ్‌ను నిర్మించిన హస్సాబిస్, జంపర్‌లకు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం లభించినది. 1994 నుండి రెండేండ్లకొకసారి జరిగే ఒక పోటీలో, ప్రయోగశాలలో తేలిన ఆకృతిని బయటపెట్టక ముందే పోటీదారులు తమ ఊహలను సమర్పించవలెను. 2020లో ఆల్ఫాఫోల్డ్ ఆ పరీక్షకు నిలిచినది. దానిపై నమ్మకం వేగం వలన రాలేదు. దాచిన జవాబుతో సరిపోలడం వలన వచ్చినది.

ఇట్టి పరీక్ష శ్రీరంగాపూర్ బడితోటలోనూ సాధ్యమే. యాసంగిలో ఎనిమిది మళ్ళు చేసి, జతకు రెండు చొప్పున విడదీయవలెను. ప్రతి జతలో ఏ మడిని యంత్రం చెప్పిన తేదీన, ఏ మడిని ఊరివారి అదనులో విత్తవలెనో నాణెం ఎగురవేసి నిర్ణయించవలెను. విత్తనం, దూరం, నీరు ఒక్కటే. ఏది గెలుచునో ముందే వ్రాసి కవరులో మూయవలెను. ఎండిన కాయ తూచిన తరువాతనే దానిని తెరువవలెను. మరుసటి ఏడు మరల చేయవలెను. ఒక్క ఏడు ఒక్క కుండ మాత్రమే.

యంత్రం చెప్పిన తేదీ తప్పితే నష్టపోయేది యంత్రం కాదు. విత్తనం కొన్న రైతు. అందువలన రుజువు చూపే బాధ్యత సలహా ఇచ్చేవారిది. దానిని అడిగే అలవాటు నేర్పవలసిన చోటు పాఠశాల.