పృథ్వీరాజ్ కపూర్: తెర సంపాదన, రంగస్థల వ్యయం

నటుని ప్రతిభను గూర్చి వ్రాసేటప్పుడు అతని రాబడి, ఖర్చుల ప్రస్తావన తగదన్న సంకోచం మన కళావిమర్శలో చాలాకాలంగా ఉంది. పృథ్వీరాజ్ కపూర్ విషయంలో ఆ సంకోచాన్ని విడిచిపెట్టక తప్పదు. వెండితెర మీద ఆయన ఆర్జించిన ధనం ఎటు వెళ్ళిందో తెలియనిదే రంగస్థలం మీద ఆయన సాధించినదేమిటో బోధపడదు.

1906లో జన్మించిన పృథ్వీరాజ్ పెషావర్‌లోని ఎడ్వర్డ్స్ కళాశాలలో చదివి, నటుడు కావాలన్న కోరికతో 1920ల చివర బొంబాయి చేరారు. దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' (1931)లో నటించారు. కలకత్తా న్యూ థియేటర్స్ చిత్రాలతో పేరు గడించి, సోహ్రాబ్ మోదీ తీసిన 'సికందర్' (1941)తో అగ్రనటుల సరసన నిలిచారు. ఆ స్థాయి నటునికి సినిమాలే సుఖజీవనానికి చాలును. ఆయన మాత్రం 1944లో పృథ్వీ థియేటర్స్‌ను స్థాపించి పెద్ద భారాన్ని తలకెత్తుకున్నారు.

బొంబాయిలోని రాయల్ ఆపెరా హౌస్‌లోనూ, దేశంలోని పెక్కు పట్టణాలలోనూ ఆ సంస్థ 16 ఏళ్ళలో 2,662 ప్రదర్శనలు ఇచ్చిందని లెక్క. అది జీతాల మీద నడిచిన బృందం. 1945లో చేరిన జోహ్రా సెహగల్‌కు నెల జీతం 400 రూపాయలు. మన సురభి నాటక సమాజాలలో కుటుంబమే బృందం. రాబడి తగ్గితే ఇంటిల్లిపాదీ సర్దుకుంటారు. జీతాలిచ్చే సంస్థకు ఆ వెసులుబాటు లేదు. టిక్కెట్ల రాబడి చాలనప్పుడు సినిమా పారితోషికం ఆ లోటును పూడ్చింది. ప్రభుత్వ గ్రాంటు చేయవలసిన పనిని ఒక నటుని సంపాదన చేసింది.

ఆ ధనంతో ప్రేక్షకునికి దక్కినదేమిటి? 'దీవార్' (1945)లో అన్నదమ్ముల ఇంటి నడుమ లేచిన గోడ రానున్న దేశవిభజనకు సంకేతం. 'పఠాన్' (1947) హిందూ ముస్లిం కుటుంబాల స్నేహానికి, దాని కోసం చేసిన త్యాగానికి రూపమిచ్చింది. విభజన నాటి కల్లోలంలో అపహరణకు గురైన స్త్రీ వేదన 'ఆహుతి' (1949)లో ఇతివృత్తం. ఈ నాటకాలలో ఉపన్యాస ధోరణి పాలు ఎక్కువే. అయినా లాభమే లక్ష్యంగా గల సంస్థ ఆ రోజులలో ఇటువంటి వస్తువులను వరుసగా చేపట్టేది కాదు. ప్రదర్శన ముగిశాక పృథ్వీరాజ్ ద్వారం వద్ద జోలె పట్టి, తలవంచి నిలబడేవారు. సహాయ నిధులకు విరాళాలు స్వీకరించేవారు. ధనవ్యామోహం మనిషిని ఎలా దిగజారుస్తుందో చూపిన 'పైసా' (1953) నాటకాన్ని 1957లో తన దర్శకత్వంలోనే చలనచిత్రంగా తీశారు.

అయితే ఈ ఔదార్యంలోనే ఒక లోపం దాగి ఉంది. ప్రధాన పాత్రధారి, నిర్వాహకుడు, ధనదాత ఒక్కరే కావడంతో ఆ ఒక్కరి ఆరోగ్యం మీదనే సంస్థ ఆయుర్దాయం ఆధారపడింది. ఆయన ఆరోగ్యం, కంఠం దెబ్బతిన్న తరువాత 1960లో పృథ్వీ థియేటర్స్ మూతపడింది. అదే సంవత్సరం 'మొఘల్-ఎ-ఆజమ్' విడుదలైంది. అక్బర్ పాత్రలో ఆయన నిలుచున్న తీరు, చివరి వరుసకు వినిపించాలన్నట్లు పలికిన మాట రంగస్థలం పెట్టిన భిక్షే. ఆ శిక్షణనిచ్చిన వేదిక లేకుండా పోయిన ఏడాదే దాని ఫలాన్ని దేశమంతా తెరపై చూసింది.

గౌరవాలకు కొదవ లేదు. 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. సభ్యునిగా కళాకారులకు రైలు ఛార్జీలలో రాయితీ కోసం కృషి చేశారు. 1954లో సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్, 1969లో పద్మభూషణ్ లభించాయి. 1972లో మరణించాక 1971 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ప్రకటించారు. ఇవన్నీ వ్యక్తికి జరిగిన సత్కారాలు. నాటకానికి కావలసినది నెలనెలా జీతాలందించే ఆధారం. నాటక బృందాలకు నేడు ప్రభుత్వ గ్రాంట్లు ఉన్నాయి. 1978లో శశికపూర్, జెన్నిఫర్ దంపతులు జుహూలో ప్రారంభించిన పృథ్వీ థియేటర్ అనేక బృందాలకు వేదికైంది. ఏ ఒక్క నటుని కంఠం మీదా అది ఆధారపడదు. తండ్రి అనుభవం నుంచి బిడ్డలు గ్రహించిన పాఠమిదే అనిపిస్తుంది. కళాపోషణ బాధ్యత వహించే వారందరూ గ్రహించవలసిన పాఠమూ ఇదే.