పరదేశపు పంతులమ్మ: మన కథల్లోకి రాని పాత్ర

రమోనా డియాజ్ తీసిన 'ద లెర్నింగ్' డాక్యుమెంటరీ 2011లో వచ్చింది. ఫిలిప్పీన్స్ నుంచి అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి వెళ్ళి అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో పాఠాలు చెప్పిన నలుగురు స్త్రీల ఒక విద్యాసంవత్సరం అందులో ఉంటుంది. సొంత ఊళ్ళో వచ్చే జీతానికి పాతిక రెట్ల దాకా వస్తుందన్న ఆశతో బయల్దేరిన వాళ్ళు. ఒకామె పసిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చి, రాత్రిపూట కంప్యూటర్ తెరమీద వాణ్ణి చూసుకుంటూ ఉంటుంది. చూస్తున్నంతసేపూ గొంతు పట్టేస్తుంది. నాకూ పట్టేసింది. కానీ రెండోసారి చూస్తున్నప్పుడు, నా గొంతు ఎక్కడెక్కడ పట్టేస్తోందో గమనించడం మొదలుపెట్టాను. ప్రతిసారీ బిడ్డ కనిపించినప్పుడే. ఆ స్త్రీ నల్లబల్ల ముందు నిలబడి గొంతు చించుకున్నప్పుడు కాదు, జీతం కాయితం చూసుకున్నప్పుడు కాదు. అంటే ఈ సినిమా నా చేత ఆమెను ముందు తల్లిగా, తర్వాత ఎప్పుడో ఉద్యోగినిగా చదివిస్తోందన్న మాట. త్యాగమూర్తి అయిన తల్లి మనకు కొత్తా? మన సాహిత్యంలో ఆమెకు కొదవేముంది?

ఈ వలస గురించి వచ్చిన పుస్తకాల్లో రెండు ముఖ్యమైనవి. అలిస్సా హాడ్లీ డన్ 2013లో ప్రచురించిన 'టీచర్స్ వితవుట్ బోర్డర్స్?' జార్జియా రాష్ట్రపు నగర పాఠశాలలకు మన దేశం నుంచి వెళ్ళిన ఉపాధ్యాయుల గురించి. లోరా బార్ట్‌లెట్ 2014లో ప్రచురించిన 'మైగ్రెంట్ టీచర్స్' అమెరికా బళ్ళు శ్రమను ఎలా దిగుమతి చేసుకుంటున్నాయో చెబుతుంది. వీటికి ముందే, 2009లో, అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అనే ఉపాధ్యాయ సంఘం ఇదే విషయం మీద ఒక నివేదిక వెలువరించింది. సినిమాలో నేపథ్యంలోకి వెళ్ళిపోయిన యంత్రాంగం వీటిలో ముందుకొస్తుంది. 2002లో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ప్రతి తరగతికీ పూర్తి అర్హతలున్న టీచరు ఉండాలంది. పేద పిల్లలు, ముఖ్యంగా నల్లజాతి పిల్లలు చదివే బళ్ళలో స్థానిక టీచర్లు నిలవలేదు. లెక్కలకీ, సైన్సుకీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతులకీ మనుషులు దొరకలేదు. ఆ ఖాళీల్లోకి మనిలా నుంచీ హైదరాబాదు నుంచీ ఆడవాళ్ళను తీసుకెళ్ళే ఏజెన్సీలు పుట్టాయి.

ఆ ఏజెన్సీల గురించి ఒక్క మాట. ఫిలిప్పీన్స్ నుంచి లూసియానాకు తెచ్చిన సుమారు 350 మంది టీచర్ల దగ్గర అన్యాయంగా రుసుములు గుంజారన్న కేసులో 2012 డిసెంబరులో జ్యూరీ 45 లక్షల డాలర్లు చెల్లించాలంది. అంతకుముందు ఏడాది, మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ బడుల వ్యవస్థ తాను కట్టాల్సిన వీసా ఖర్చులు టీచర్ల చేత కట్టించిందని కార్మిక శాఖ తేల్చింది. వెయ్యి మందికి పైగా టీచర్లకు 42 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. దానితోపాటు రెండేళ్ళు కొత్త వీసా దరఖాస్తులు పెట్టకూడదన్నారు. శిక్ష బడి వ్యవస్థకి. ఉద్యోగం మాత్రం వీసా పొడిగింపు కోసం ఎదురు చూస్తున్న టీచరమ్మకి పోయింది. న్యాయం జరిగిన రోజే సామాను సర్దుకోవాల్సి రావడం! ఏ కథకురాలైనా ఇంతకంటే ఏం కల్పించగలదు?

డన్ పుస్తకం మీద నాకు గౌరవం ఉంది. అయితే అది విద్యాశాస్త్ర గ్రంథం; దాని చూపు తరగతి గది మీద, విధానాల మీద. బార్ట్‌లెట్ చూపు కూలి ఒప్పందం మీద. ఈ పుస్తకాల్లో టీచరు బడి గుమ్మంలో ప్రత్యక్షమై బడి గుమ్మంలోనే మాయమవుతుంది. సినిమాలో ఇల్లు మాత్రమే గొంతు పట్టిస్తుంది, పుస్తకాల్లో ఇల్లు లేదు. ఇంటికీ బడికీ మధ్య అదే స్త్రీ నడిచి వెళుతోందన్న సంగతి చెప్పాల్సింది సాహిత్యం. అక్కడే మనం చేతులు ముడుచుకుని కూర్చున్నాం.

అమెరికా తెలుగు కథ బాగానే విస్తరించింది. వంగూరి ఫౌండేషన్ వేసిన 'అమెరికా తెలుగు కథానిక' సంకలనాలున్నాయి, 1998 నుంచి నడుస్తున్న 'ఈమాట' ఉంది. నేను చదివినంతలో ఈ కథల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరున్నాడు, డాక్టరున్నాడు, హెచ్4 వీసా మీద వచ్చి వంటింట్లో ఏడ్చే భార్య ఉంది, ఇండియా నుంచి వచ్చి విసుగెత్తిన అత్తగారుంది. మునిసిపల్ బడిలో ఏడో తరగతికి పాఠం చెప్పి, బస్సులో ఇంటికొచ్చే తెలుగు టీచరు కథకు కేంద్రంగా నాకు తగల్లేదు. ఎందుకు లేదు? కథ రాసే వర్గం ఉండే పేటలు వేరు, ఆమె పాఠం చెప్పే పేటలు వేరు. తెలుగు సంఘాల సభల్లో ఆమె వెనక వరసలో కూర్చుంటుంది. ఆమె జీతం ఇక్కడివాళ్ళకు ఎక్కువ, అక్కడి మనవాళ్ళకు తక్కువ.

పైగా ఆమె ఇంట్లో కథ తలకిందులు. వీసా ఆమెది. హెచ్4 భర్తది. 2015లో, గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వెళ్ళిన వాళ్ళ జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇచ్చేదాకా హెచ్4 వాళ్ళు ఉద్యోగం చెయ్యడానికే వీల్లేదు. ఆధారపడిన భర్త! మన పితృస్వామ్య కుటుంబంలో దీనికంటే పెద్ద కథావస్తువు ఉంటుందా? హెచ్4 భార్య బాధ మీద అంత కన్నీరు కార్చిన మన కథ, హెచ్4 భర్త దగ్గరికొచ్చేసరికి మర్యాదగా తలతిప్పుకుంది.

మా పెద్దమ్మ కూతురు ఆ దారినే వెళ్ళింది. సామర్లకోటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. ఎం.ఏ., బి.ఇడి. రెండుసార్లు డీఎస్సీ రాసి రాక, పేపర్లో ప్రకటన చూసి ఒక ఏజెన్సీకి పొలం అమ్మిన డబ్బు కట్టింది. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు, అది 2008లో వచ్చింది. వీసా కోసం సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్ళొచ్చింది. 2006 నుంచి ఆరేళ్ళు, హెచ్‌1బి మీద ఉండగలిగినంత కాలం ఉండి, 2012లో తిరిగొచ్చేసింది. పుట్టింటి పొలం అమ్మినందుకు అన్నయ్యల సూటిపోటి మాటలు, అక్కడ బావగారి మౌనం, ఈ రెండింటి మధ్యా ఆ ఆరేళ్ళూ ఆమె ఒక నోటుపుస్తకం రాసుకుంది. అందులో ఎక్కువ భాగం పాఠాల ప్రణాళికలే. అంచుల్లో మాత్రం ఇంకేవో మాటలు.

ఆ అంచుల్లో ఒక చోట ఇంగ్లీషు గురించి ఉంది. మా ఊళ్ళో ఆమె వాయిస్‌లూ, డైరెక్టు-ఇన్‌డైరెక్టు స్పీచీ నోటికొచ్చిన టీచరు. అక్కడి పిల్లలు ఆమె 'వ' పలికే తీరు పట్టుకుని నవ్వారు. 'జెడ్' అంటే నవ్వారు. చెరిపేసే రబ్బరుని రబ్బరనడం అక్కడ బూతని మొదటి వారంలోనే తెలిసింది. ఆమె ఎర్రసిరాతో వాళ్ళ కాయితాలు దిద్దింది. 'షి బి వర్కింగ్' అని రాసిన ప్రతిచోటా సున్నా చుట్టింది. నల్లజాతి ఇంగ్లీషులో ఆ వాక్యానికి ఒక వ్యాకరణం ఉందని, 'ఇప్పుడు పని చేస్తోంది' అని కాక 'రోజూ పని చేస్తూ ఉంటుంది' అని దాని అర్థమని తర్వాత ఒక తోటి టీచరు చెప్పింది. దాని కింద మా అక్క రాసుకున్నది చిన్న వాక్యం: తను చిన్నప్పుడు 'ఎల్లొత్తానండి' అంటే పంతులుగారు 'వెళ్ళొస్తానండి' అని పదిసార్లు అనిపించారట.

నాకు ఆ పేజీ మొత్తం నోటుపుస్తకానికి గుండెకాయలా అనిపిస్తుంది. తనది కాని ఇంగ్లీషుని కాపలా కాస్తూ, ఆ ఇంగ్లీషు యజమానులు లెక్కచెయ్యని పిల్లల నోళ్ళు దిద్దుతున్న గోదావరి జిల్లా స్త్రీ. ఆ పిల్లల భాషను బడి గుర్తించాలని ఓక్లండ్ స్కూలు బోర్డు 1996 డిసెంబరులో తీర్మానిస్తే అమెరికా అంతా ఎగతాళి చేసింది. తీరాంధ్ర మాండలికంలో కథ రాస్తే యాస అని, అచ్చు పుస్తకంలో రాస్తే భాష అని విడదీసిన మనకు ఆ ఎగతాళి అర్థం కాకపోవడానికి వీల్లేదు.

ఇంకో అంచున ఉన్న మాటలు నాకు మింగుడు పడవు. పిల్లలకు 'పద్ధతి లేదు', 'ఇళ్ళలో చెప్పేవాళ్ళు లేరు' అని చాలాచోట్ల ఉంది. ఈ మాటలు ఆమె బాల్టిమోర్ నుంచో అట్లాంటా నుంచో నేర్చుకున్నవి కావు. మన జిల్లా పరిషత్ బళ్ళ స్టాఫ్ రూముల్లో, పేటల నుంచి వచ్చే పిల్లల గురించి వినిపించే మాటలే. విమానం ఎక్కేటప్పుడు డిగ్రీ కాయితాలతోపాటు ఇవీ వెళ్ళాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల రచనల సంకలనం 'నల్లపొద్దు' చదివాక, బడిని టీచరు బల్ల వైపు నుంచి మాత్రమే చూడడం నాకు చేతకావడం లేదు. పరదేశపు పంతులమ్మ కథ ఎవరైనా రాస్తే ఆమె బాధితురాలు మాత్రమే కావడం సులువు. వీసాకి బాధితురాలు, ఏజెన్సీకి బాధితురాలు, ఇంటికి బాధితురాలు. తరగతి గదిలో ఆమె చేతిలో ఉన్న చిన్న అధికారం, ఆ అధికారానికి ఉన్న కులం వాసన, అక్కడి జాతివివక్షతో అది ఎంత తేలిగ్గా కలిసిపోతుందో రాయాలంటే ఆమెను ప్రేమిస్తూనే రాయాలి. అది కష్టం.

ఇదంతా సామర్లకోట నుంచి చూస్తే ఇంకో వెలుగులో కనిపిస్తుంది. కెనడియన్ బాప్టిస్టు మిషన్ 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, 1882లో సామర్లకోటలో సెమినరీ తెరిచింది. ఆ మిషన్‌తో మన డెల్టాకు పెళ్ళికాని కెనడా స్త్రీలు వచ్చారు. సొంత దేశంలో దొరకని స్వేచ్ఛ, పెత్తనం వాళ్ళకు ఇక్కడ దొరికాయి. ఇక్కడి నుంచి వాళ్ళు రాసిన ఉత్తరాలను అచ్చు వెయ్యడానికి అక్కడి స్త్రీలు 1878 నుంచే 'కెనడియన్ మిషనరీ లింక్' అనే పత్రిక నడిపారు. వాళ్ళ ఉత్తరాల్లో మనం చీకటిలో ఉన్నవాళ్ళం, జాలిపడదగ్గవాళ్ళం. ఆ చూపుని గౌరి విశ్వనాథన్ 1989లో వెలువరించిన 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్' తర్వాత అమాయకంగా చదవలేం. అయినా ఆ బళ్ళలో అక్షరం దిద్దిన మాల మాదిగ ఆడపిల్లలకు ఊరి బడి తలుపు తెరుచుకోలేదన్నదీ నిజమే. ఫిలిప్పీన్స్‌కి 1901 ఆగస్టులో 'థామస్' ఓడలో 500 మంది పైచిలుకు అమెరికన్ టీచర్లు ఇంగ్లీషు చెప్పడానికి దిగారు. వందేళ్ళ తర్వాత అదే ఇంగ్లీషుతో ఫిలిప్పీన్స్ స్త్రీలు బాల్టిమోర్‌లో దిగారు. మనదీ ఇంచుమించు అలాంటి తిరుగు ప్రయాణమే. ఒక్క తేడా. అటునుంచి వచ్చిన స్త్రీకి ఉత్తరం అచ్చువేసే పత్రిక ఉంది, చదివి చందాలు పంపే చెల్లెళ్ళున్నారు. ఇటునుంచి వెళ్ళిన స్త్రీ నోటుపుస్తకం అంచుల్లో రాసుకుంది.

అదే రైల్వే స్టేషన్ నుంచి కువైట్‌కి ఇంటిపనికి బయల్దేరే ఆడవాళ్ళున్నారని కూడా ఇక్కడే చెప్పాలి. గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ వాళ్ళు దశాబ్దాలుగా వెళుతున్నారు. వాళ్ళకు 30 ఏళ్ళు నిండాలని ప్రభుత్వం నియమం పెట్టింది, వలస అనుమతి ముద్ర పడాలంది. పదో తరగతి పాసైన మా అక్క పాస్‌పోర్టుకు ఆ ముద్ర అక్కర్లేదు. ఒకామెను రాజ్యం బిడ్డలా కాపలా కాస్తుంది, ఇంకొకామెను ఏజెన్సీకి వదిలేస్తుంది. ఇద్దరి పిల్లల్నీ పెంచేది మాత్రం అమ్మమ్మలే. ఆ అమ్మమ్మల లెక్క డాలర్లలోనూ లేదు, దీనార్లలోనూ లేదు.

పి. సత్యవతి కథ 'ఇల్లలకగానే' గుర్తు చేసుకోండి. ఇల్లు అలుక్కుంటూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు, దాన్ని వెతుక్కుంటూ పుట్టింటికీ పాత స్నేహితుల దగ్గరికీ వెళుతుంది. మా అక్క పేరు నాలుగక్షరాలు. అక్కడి పిల్లల నోరు తిరగక మొదటి అక్షరం మిగిలింది, 'మిస్ వి'. మొదట్లో అవమానమనిపించిందట. ఆరేళ్ళయ్యాక, సెలవు తీసుకునే రోజున ఒక పిల్ల పూర్తి పేరు తప్పులేకుండా పలికితే అది ఎవరి పేరో ఒక్క క్షణం తట్టలేదని రాసింది. సత్యవతి ఇంటి లోపల చూసిన సంగతే ఇంటి బయట, జీతం తెచ్చే ఉద్యోగంలో, ఖండాంతరంలో జరిగింది. ఉద్యోగం వస్తే పేరు నిలుస్తుందని నమ్మిన మన తరం ఈ పేజీని ఎలా చదవాలి? నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆమె తన జీతంతో కూతుర్ని చదివించింది, అమ్మిన పొలానికి బదులు సొంత పేరు మీద ఇల్లు కట్టుకుంది. రిజిస్ట్రేషన్ కాయితంలో ఆ నాలుగక్షరాలూ ఉన్నాయి.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్‌1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. మన పత్రికలు వారాల తరబడి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ గురించే రాశాయి. లక్ష డాలర్లు పెట్టి ఏ పేద బడి టీచర్ని తెచ్చుకుంటుంది? దానితో పోలిస్తే జె-1 వీసా చవక. దానిమీద మూడేళ్ళు, పొడిగిస్తే ఐదేళ్ళు, తర్వాత ఇంటికి. మూడేళ్ళ టీచరు సంఘం పెట్టదు, జీతం పెంచమని అడగదు, స్థిరపడదు. రేపటి పంతులమ్మలు ఆ పద్ధతి మీద వెళ్ళినవాళ్ళే ఎక్కువవుతారు. మా అక్క నోటుపుస్తకంలో నుంచి నలభై పేజీలు, ఆమె అనుమతితో, పాఠాల ప్రణాళికలతో సహా నకలు తీస్తున్నాను. పాఠాలు తీసేసి అంచులు మాత్రం ఉంచితే చదవడానికి బాగుంటుందని ఒక సంపాదకురాలు సలహా ఇచ్చారు. అక్క ఒప్పుకోలేదు. పగలంతా తను చేసిన పని ఆ పాఠాలేనంది.