కందపద్యమునకు చాలని కొలబద్దలు

కందపద్యమున 1, 3 పాదములకు మూడేసి గణములు, 2, 4 పాదములకు ఐదేసి గణములు ఉండవలెను. ఈ నియమమును కంప్యూటరుకు చెప్పబూనినచో పత్రనిర్మాణ భాషల బలాబలములు తేటపడును.

1998లో ఎక్స్.ఎం.ఎల్.తో వెలువడిన డి.టి.డి.లో ఒక పేరునకు ఒకటే నిర్మాణము. "పాదము"న మూడో ఐదో గణములుండునని మాత్రమే చెప్పగలము. పాదములు తారుమారైన పద్యము కూడ చెల్లిపోవును. 2001 నాటి డబ్ల్యూత్రీసీ స్కీమాలో మూలకము ఆరంభమైనంతనే దాని రకము తెలియును, ఇది సుగుణమే. కాని ఒకే తల్లి క్రింద ఒకే పేరుగల పిల్లలకు రెండు రకములను అది ఒప్పదు.

అదే ఏట జేమ్స్ క్లార్క్, మురాత మకోతో రూపొందించిన రిలాక్స్ ఎన్.జి. వృక్షవ్యాకరణముపై నిలిచినది. పేరు వేరు, రకము వేరు. కనుక స్థానమును బట్టి గణసంఖ్యను విధించగలదు.

పాదములకు వేరువేరు పేర్లు పెట్టరాదా యందురు. అది తలపాగాకు సరిపడునట్లు తలను చెక్కుటయే!