రిబ్బను రేకులు, కోసా నేల

దారంతో కుట్టిన గులాబీ బట్ట మీద బొమ్మలాగే ఉండిపోతుంది. పట్టు రిబ్బనుతో కుట్టిన గులాబీకి ఒళ్లు ఉంటుంది. వేలితో తడిమితే రేకు అంచు తగులుతుంది, రేకు కింద సన్నని నీడ పడుతుంది. దారమైతే ఒక్క రేకు నింపడానికి పది పదిహేను పోగులు పక్కపక్కనే పరచాలి. రిబ్బనుకు ఒక్క కుట్టు చాలు. ఆ ఒక్క కుట్టును ఎంత వదులుగా వదలాలన్నదే ఈ పనిలో అసలు విద్య.

ఈ విద్య పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్స్‌లో, రాజాస్థానపు దుస్తుల మీద వికసించింది. గౌన్ల అంచులకు, మగవారి కోట్లకు కూడా రిబ్బను పూలు కుట్టేవారు. సెంటెతియెన్ పట్టణం రిబ్బను నేతకు పేరుపడింది. అక్కడి మ్యూజియంలో ఆ రిబ్బన్ల భారీ సేకరణ ఇప్పటికీ ఉంది. విక్టోరియా కాలంలో ఇంగ్లండ్, అమెరికా ఇళ్లలోకి పాకిన ఈ కుట్టు తర్వాత మరుగున పడింది. గత శతాబ్దం చివర ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కళాకారిణుల చేతుల్లో మళ్లీ ఊపిరి పోసుకుంది. దక్షిణాఫ్రికాకు చెందిన డి వాన్ నికెర్క్ పుస్తకాలు ఎన్నో దేశాల్లో ఈ కుట్టును నేర్పాయి.

ఈ కుట్టును ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌తో కలిపి చెప్పుకోవడానికి కారణం ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద జంక్షన్‌గా మార్చింది. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ దాకా లైను 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్ర జిల్లాలకు ఈ ప్రాంతం ఇంకా దగ్గరైంది. రైలు కొలువులతో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. రైల్వే పట్టణాల్లో మహిళా సంక్షేమ సంఘాలు కుట్టు శిక్షణ కేంద్రాలు నడపడం పాత ఆనవాయితీ. ఇక పట్టు సంగతి. హౌరా లైనులో సుమారు 50 కిలోమీటర్లు వెళితే చాంపా వస్తుంది. కోసా పట్టుకు అది పుట్టిల్లు లాంటి ఊరు. కోర్బా, విశాఖపట్నం మధ్య తిరిగే ఎక్స్‌ప్రెస్ చాంపా, బిలాస్‌పూర్ రెండింటి మీదుగానే వెళుతుంది.

కోసా అంటే మన దసలి పట్టే. మల్బరీ ఆకు తినే పురుగుది కాదు. నల్లమద్ది, తెల్లమద్ది, సాల చెట్ల ఆకులు మేసే అడవి పురుగు గూటి నుంచి తీసిన దారం. రంగు వేయకముందే దానికి తేనెరంగు ఉంటుంది. చాంపాలో నేసేది ఎక్కువగా దేవాంగన్ కులస్థులు. చాంపా పట్టు చీరలకూ బట్టలకూ 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కోసా నేతలో కాస్త గరుకుదనం, మిట్టపల్లాలు ఉంటాయి. రిబ్బను పూలకు అలాంటి నేల మేలు. మెరుపు తక్కువగా ఉన్న బట్ట మీద మెరిసే రేకు విడిగా పైకి తేలుతుంది.

ముందు రిబ్బను. దుకాణాల్లో చుట్టలుగా దొరికే సాటిన్ రిబ్బను చాలావరకు పాలిస్టర్. అది బిరుసుగా ఉండి, సూది కన్నంలో నలిగి, మడత పెట్టినచోట నిలబడదు. పట్టు రిబ్బను మెత్తగా ఒదుగుతుంది. 2, 4, 7, 13 మిల్లీమీటర్ల వెడల్పుల్లో వస్తుంది. మొగ్గలకు 2, రేకులకు 4, పెద్ద పూలకు 7 వాడతారు. ఒకేసారి జానెడున్నర కంటే పొడవు తీసుకోకూడదు. బట్టలోంచి పదేపదే దూరితే అంచులు చిట్లిపోతాయి. సూది కన్నం పెద్దదిగా, మొన పదునుగా ఉండాలి. కన్నం చిన్నదైతే బట్టలో పడే రంధ్రం చాలక రిబ్బను ఒరుసుకుపోతుంది.

నేర్చుకునేవాళ్లు సాలెగూడు గులాబీతో మొదలుపెడతారు. ముందు మామూలు దారంతో నడిమి నుంచి అయిదు పుల్లలు వేస్తారు. అయిదే ఎందుకంటే, బేసి సంఖ్య అయితేనే ఒక చుట్టులో పైనుంచి పోయిన రిబ్బను మరుసటి చుట్టులో అదే పుల్ల కిందుగా పోతుంది. నడుమ రిబ్బను పైకి తీసి, ఒక పుల్ల మీదుగా, ఒక పుల్ల కిందుగా చుట్టుకుంటూ వస్తారు. లోపలి చుట్లు బిగువుగా ఉంటే మొగ్గ ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. బయటికి వచ్చేకొద్దీ వదులుచేస్తే రేకులు విచ్చుకుంటాయి. రిబ్బను మధ్యలో మెలికపడితే సరిచేయనక్కర లేదు, ఆ మెలికే రేకు వంపు అవుతుంది.

రెండోది రిబ్బను కుట్టు. రిబ్బనును బట్ట మీద చదునుగా పరిచి, రేకు కొస రావలసినచోట సూదిని ఆ రిబ్బనులోంచే కిందికి గుచ్చుతారు. నెమ్మదిగా లాగుతుంటే రెండు అంచులూ లోపలికి ముడుచుకుని కొస ఏర్పడుతుంది. సరిగ్గా అక్కడ ఆగాలి. ఇంకో వెంట్రుకవాసి లాగితే రేకు దారమై మాయమవుతుంది. మల్లెమాల కట్టే చేతికి ఈ బిగువు తెలుసు: ముడి బిగిస్తే కాడ తెగుతుంది, వదిలేస్తే పువ్వు జారుతుంది.

పూలకు నమూనాలు ఐరోపా తోటల నుంచే తెచ్చుకోవాలా? ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఫాల్గుణం వచ్చేసరికి మోదుగ విరగబూస్తుంది. 7 మిల్లీమీటర్ల నారింజ రిబ్బనుతో చిలుకముక్కులా వంగిన రేకు ఒకటి, దాని వెనక విచ్చుకున్నవి రెండు మూడు, మొదట్లో ముదురు గోధుమరంగు దారంతో ముడికుట్టు వేస్తే మోదుగ పువ్వు తయారు. ఎండలు ముదిరాక పూసే రేలకు కాడకుట్టుతో వేలాడే కొమ్మ గీసి, 4 మిల్లీమీటర్ల పసుపు రిబ్బనుతో అయిదేసి రేకులు కుడితే గుత్తి దిగుతుంది. ఆకులకు గొలుసుకుట్టు విడివిడిగా వేస్తే సరిపోతుంది.

ఇంత పనీ నిలవాలంటే వాడకంలో జాగ్రత్త కావాలి. కుట్టకముందే రిబ్బను ముక్కను తడి తెల్లగుడ్డలో నొక్కి రంగు దిగుతుందేమో చూడాలి. పువ్వు మీద నేరుగా ఇస్త్రీ పెట్టకూడదు. మందపాటి తువ్వాలు మీద బోర్లా వేసి వెనకనుంచి పెట్టాలి. రోజువారీ చీరల కంటే రవిక చేతులకు, సంచులకు, గోడకు తగిలించే పటాలకు ఈ పని బాగా నప్పుతుంది.

పట్టు రిబ్బను దొరకని ఊళ్లలో పలుచని పట్టు బట్టను ఏటవాలుగా సన్నని పేలికలు కోసి వాడుకునే పద్ధతి ఉంది. ఏటవాలు కోతలో అంచు తొందరగా చిట్లదు, పేలిక సాగి చక్కగా ఒదుగుతుంది. పలుచని కోసాకూ ఈ పద్ధతి పనికొస్తుంది. చాంపా మగ్గాల దగ్గర మిగిలే ముక్కలు బిలాస్‌పూర్ కుట్టు కేంద్రాలకు చేరితే రిబ్బను కోసం దూరపు నగరాలకు చూడనక్కర లేదు. నేతగాడి మిగులుకు విలువ పెరుగుతుంది, కుట్టే చేతికి ఇక్కడి పట్టుతో ఇక్కడి పువ్వు కుట్టే అవకాశం వస్తుంది.