పీత కాళ్ల పువ్వు

చూస్తే ఉల్లిగడ్డే. గోధుమరంగు పైపొర, అడుగున ఎండు వేళ్లు, వాటికి మెత్తిన బురద. ఉల్లి అనుకుని వండుకు తిని వాంతులు చేసుకున్నవాళ్లు చైనాలో ఉన్నారు. లోపల లైకోరిన్ అనే విషం ఉంటుంది మరి. దీన్నే కాస్త చెక్కి, పళ్లెంలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి కూర్చోబెడితే నెల తిరిగేసరికి ఇల్లంతా గుబాళిస్తుంది.

చైనావాళ్లు దీన్ని షుయ్‌షియెన్ అంటారు. షుయ్ అంటే నీరు, షియెన్ అంటే చావులేని సిద్ధుడు. మన్ను అడగకుండా నీళ్ల మీదే పూస్తుంది కాబట్టి జలసిద్ధుడు. ఉర్దూ గజళ్లలో కళ్లకు పోలికగా వచ్చే నర్గిస్ కూడా ఈ కుటుంబపు పువ్వే. అసలు పుట్టిల్లు మధ్యధరా తీరం. అక్కడి నుంచి వర్తకుల వెంట తూర్పుకు వచ్చిందని పండితుల మాట. ఆగ్నేయాన ఫూజియాన్ రాష్ట్రంలో ఝాంగ్‌జౌ పరిసరాలు దీనికి పేరుబడ్డాయి. మనం మందారాల్లో రెక్క, ముద్ద అని వేరు చేసినట్టే ఇందులోనూ రెండు రకాలు. రెక్క పువ్వుకు ఆరు తెల్ల రేకులు, నడుమ పసుపు గిన్నె. దాన్ని వెండి పళ్లెంలో బంగారు గిన్నె అని పిలుచుకుంటారు.

ఈ మొక్క గింజ కట్టదు. క్రోమోజోములు రెండు వరసలు ఉండాల్సిన చోట మూడు ఉండటమే కారణం. తల్లి గడ్డ పక్కన పుట్టే పిల్ల గడ్డలే వంశాన్ని నిలబెడతాయి. పిల్ల గడ్డ పూతకొచ్చే గడ్డగా ఎదగడానికి మూడేళ్లు పడుతుంది. ఏటా శరదృతువులో నాటాలి, ఎండాకాలం మొదట్లో తవ్వి ఆరబెట్టాలి. మూడో ఏడు నాటే ముందు రైతు గడ్డకు రెండు వైపులా గాటు పెట్టి పక్క మొగ్గలను తీసేస్తాడు. బలమంతా నడిమి మొగ్గకే చేరాలని. బేరం కూడా తమాషాగా ఉంటుంది. బుట్టకు ఎన్ని గడ్డలు పడతాయన్నదే కొలత. ఇరవై పట్టే గడ్డ మేలు రకం, నలభై పట్టేది చిన్నది.

ఇక కత్తి పని. పైపొర, పాత వేళ్లు, బురద తీసేశాక వేళ్లు మొలిచే చోటికి ఒక సెంటీమీటరు పైన అడ్డంగా గీత గీస్తారు. గీతకు పైనున్న పొరలను ఒక వైపు మాత్రమే ఒక్కొక్కటిగా వలుస్తారు. లేత పసుపు మొలకలు కనపడగానే చెయ్యి నెమ్మదించాలి. మొలకల మధ్య ఇరుక్కున్న పొరను చెక్కి తీసి, ఆకు అంచును కొస నుంచి మొదలు దాకా మూడో వంతు గీకేస్తారు. కిటుకంతా ఇక్కడే. గాయపడిన అంచు మెల్లగా పెరుగుతుంది, గాయం లేని అంచు మామూలుగా పెరుగుతుంది. దాంతో ఆకు గాయం వైపే వంగి, చుట్టుకుని, పీత కాలులా మెలి తిరుగుతుంది. పూకాడను ఒక పక్క గీరితే అదీ అటే ఒరుగుతుంది. ఎంత లోతున గీకితే అంత వంపు. తీగ చుట్టరు, దారం కట్టరు. కత్తి మొన మొగ్గకు తగిలిందా, అది ఇక విచ్చుకోదు. అలాంటి మొగ్గను మూగపువ్వు అంటారు.

చెక్కిన గడ్డను ఒకటి రెండు రోజులు నీళ్లలో బోర్లించి బంక కడిగేస్తారు. తర్వాత కోత పైకి వచ్చేలా పళ్లెంలో పెట్టి, గాయం మీదా వేళ్ల మీదా తడి దూది కప్పుతారు. రెండు మూడు రోజులు నీడ, ఆపైన ఎండ. నీళ్లు రోజూ మార్చాలి. ఎండ చాలకపోతే ఆకులు ఉల్లికాడల్లా సాగిపోతాయి, పూలు వాటి చాటున పడతాయి.

వీటన్నిటికన్నా కష్టం లెక్క. పువ్వు సరిగ్గా చైనా చాంద్రమాన సంవత్సరాదికి విచ్చాలి, ఆ పండగేమో జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఏ రోజైనా పడవచ్చు. పెళ్లి ముహూర్తం నుంచి వెనక్కి రోజులు లెక్కేసుకున్నట్టు, పండగ నుంచి వెనక్కి లెక్కబెట్టి గడ్డను కోయాలి. తొందరపడి మొగ్గ విచ్చేలా ఉంటే చల్లని మూలకు మారుస్తారు, జాప్యమైతే వెచ్చదనం చూపిస్తారు. పది, పదిహేను డిగ్రీల చలి దీనికి సరిపోతుంది. మన కోస్తా జనవరి పగళ్లు ఏ మాత్రం పనికిరావు. శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో మాత్రం పండగ ముందు ఈ గడ్డలు అమ్మకానికి వస్తాయి, అక్కడి తెలుగువాళ్లు ప్రయత్నించవచ్చు.

టీ కూజా, కోడిపుంజు, నెమలి ఆకారాలు కూడా చెక్కుతారు. నాకవి అతిగా తోస్తాయి. పళ్లేనికి అంటుకుపోయినట్టు పొట్టిగా వంగిన నాలుగు ఆకులు, వాటి పైన ఒక్క గుత్తి, అంతవరకే అందం.

పదిహేడో శతాబ్దపు నాటకకర్త లీ యూకి ఈ పువ్వంటే ప్రాణం. ఒక వసంతంలో చేతిలో కాసు లేకపోతే, ఇంటి ఆడవాళ్ల తలపిన్నులూ చెవి కమ్మలూ కుదువబెట్టి గడ్డలు కొన్నాడు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఒక ఏడాది ఈ పువ్వు చూడకపోతే వింతేమీ కాదని ఇంట్లోవాళ్లు వారించినా వినలేదట.

పూలు వాడిపోయాక చెక్కిన గడ్డలో మళ్లీ పూసే సత్తువ మిగలదు, పారేస్తారు. అప్పటికి ఝాంగ్‌జౌ పొలాల్లో వచ్చే ఏటి గడ్డ ఇంకా మట్టిలోనే ఊరుతూ ఉంటుంది.