తప్పు జవాబు వినే విద్య

ఒకే రకం బల్బులు ఐదు, ఒకే రకం బ్యాటరీలు మూడు. మొదటి బ్యాటరీకి ఒక్క బల్బు తగిలించారు. రెండోదానికి రెండు బల్బులు సిరీస్‌లో, మూడోదానికి రెండు బల్బులు ప్యారలల్‌లో. ఏది ఎక్కువ వెలుగుతుంది, ఏది తక్కువ? లెక్క చెయ్యనక్కర్లేదు. వరసలో పెట్టి, ఎందుకో చెబితే చాలు.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మట్, పీటర్ షాఫర్ ఈ ప్రశ్నను వందలమంది కాలేజీ విద్యార్థుల ముందు పెట్టి, తేలినదాన్ని 1992లో ప్రచురించారు. సరిగ్గా చెప్పినవాళ్ళు నూటికి 15 మంది. ఓమ్ సూత్రం పాఠం అయిపోయాక అడిగినా పెద్ద తేడా రాలేదు. (ఒంటరి బల్బూ, ప్యారలల్‌లో ఉన్న రెండూ సమానంగా వెలుగుతాయి. సిరీస్‌లోని రెండూ వాటికన్నా మసకగా, తమలో తాము సమానంగా ఉంటాయి.)

ఆ పరిశోధకులు మార్కులు వేసి ఊరుకోలేదు. తప్పు చెప్పినవాళ్ళ కారణాలు విన్నారు. సిరీస్‌లో మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది కాబట్టి రెండోదానికి తక్కువ మిగులుతుందని కొందరన్నారు. బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుంది, ప్యారలల్‌లో అది చెరిసగం అవుతుందని ఇంకొందరు. ఇవి పరాకుగా చేసిన తప్పులు కావు. వాళ్ళ మనసులో ముందే ఒక సిద్ధాంతం ఉంది, పాఠం దాని పక్కనుంచి వెళ్ళిపోయింది. విద్యార్థి ఎలా ఆలోచిస్తున్నాడో ఇలా బయటికి రప్పించడమే, ఇంజినీరింగ్ ఎలా నేర్చుకుంటారో చూసే ఇంజినీరింగ్ విద్యా పరిశోధనకు కూడా ఆయువుపట్టు. 2004లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విద్యకంటూ ప్రత్యేక విభాగాన్నే తెరిచింది.

ఆలోచన కంటికి కనపడదు. అందుకే ఈ రంగంలోని పరిశోధకులు మనిషిని గట్టిగా పైకి మాట్లాడుతూ పని చెయ్యమంటారు. వాళ్ళలో ఒకరైన సింథియా ఆట్‌మన్ బృందం ఇంజినీరింగ్ విద్యార్థులనూ, ఏళ్ళ అనుభవమున్న ఇంజినీర్లనూ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఒక పేటకు పిల్లల ఆటస్థలం డిజైన్ చెయ్యమంది. గడువు మూడు గంటలు. మనసులో మెదిలినదల్లా పైకి అనాలి. బడ్జెట్టు, స్థలం కొలతలు, భద్రతా నిబంధనలు వంటివి కావాలంటే నిర్వాహకులను అడగొచ్చు. తర్వాత ఆ మాటలన్నీ కాగితం మీద పెట్టి, ముక్కముక్కకూ పేరు పెట్టారు: ఇది సమస్యను అర్థం చేసుకోవడం, ఇది సమాచారం అడగడం, ఇది లెక్క కట్టడం, ఇది ఎంపిక. 2007లో వచ్చిన ఆ పోలికలో అనుభవజ్ఞులు విద్యార్థుల కన్నా ఎక్కువసేపు సమస్య చుట్టూనే తిరిగారు, ఎక్కువ సమాచారం అడిగారు. మన పరీక్షల్లో దత్తాంశాలన్నీ ప్రశ్నలోనే ఇచ్చేస్తాం. కావలసిన దత్తాంశం ఏదో అడిగి తెలుసుకునే నేర్పుకు అక్కడ చోటే లేదు.

ఒక్కొక్కరినీ ఇలా కూర్చోబెట్టి వినడం తరగతి మొత్తానికి కుదరదు. దానికి మార్గం కాన్సెప్ట్ ఇన్వెంటరీ, అంటే భావనలు ఎంతవరకు అర్థమయ్యాయో చూసే ప్రశ్నపత్రం. 1992లో డేవిడ్ హెస్టెనెస్ తదితరులు బలం, చలనాల మీద 29 బిట్లతో తెచ్చిన ప్రశ్నపత్రం దీనికి పేరు తెచ్చింది. అందులోని తప్పు ఆప్షన్లు పేపరు సెట్ చేసేవాళ్ళ ఊహలు కావు, విద్యార్థులు నిజంగా నమ్మే మాటలు. ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్)లో తప్పు బిట్టంటే రాని మార్కు, అంతే. ఇక్కడ ఏ తప్పును ఎంచుకున్నాడన్నది జ్వరం టైఫాయిడా, మలేరియానా తేల్చే రక్తపరీక్ష లాంటిది.

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ ఇలాంటి ప్రశ్నలతోనే తన తరగతిని పరీక్షించుకున్నాడు. కిర్చాఫ్ నియమాలతో సర్క్యూట్ లెక్కలు చకచకా చేసిన విద్యార్థులే, స్విచ్ వేస్తే ఏ బల్బు వెలుగు ఎలా మారుతుందన్న దగ్గర తడబడ్డారు. 1991 నుంచి ఆయన పాఠం నడిపే తీరు మార్చాడు. కాసేపు చెప్పి ఒక ప్రశ్న వేస్తాడు. ఎవరికివారు ఆలోచించి జవాబు తేల్చుకుంటారు. తరగతి రెండుగా చీలితే, పక్కవాడితో వాదించి ఒప్పించమంటాడు. మళ్ళీ జవాబులు తీసుకుంటాడు. చాలామందికి సరైన జవాబు మొదటే వస్తే ముందుకు సాగుతాడు, మరీ కొద్దిమందికే వస్తే తానే మళ్ళీ విడమరిచి చెబుతాడు. ఈ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే నిన్న అర్థమైన విద్యార్థికి తాను ఎక్కడ తికమకపడ్డాడో ఇంకా గుర్తుంటుంది. పాతికేళ్ళుగా అదే పాఠం చెప్పే మాస్టారికి ఆ తికమక ఎప్పుడో మరుపున పడింది.

ఫలితం ఉందా అంటే, ఉంది. స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజినీరింగ్, గణితం తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసి 2014లో ఫలితాలు వెల్లడించింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో తప్పినవాళ్ళు సగటున 33.8 శాతం, విద్యార్థులు చర్చించి పనిచేసిన తరగతుల్లో 21.8 శాతం. అయితే 2019లో హార్వర్డ్‌లోనే చేసిన మరో ప్రయోగంలో ఒక విచిత్రం బయటపడింది. చర్చించి నేర్చుకున్నవాళ్ళకు పరీక్షలో మార్కులు ఎక్కువే వచ్చాయి, కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. ధారాళమైన ఉపన్యాసం వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. తడబడుతూ నేర్చుకోవడం కష్టంగా ఉంటుంది, ఆ కష్టాన్నే చదువు రాకపోవడమనుకుంటాం. లెక్చరర్ బాగా చెబుతున్నాడో లేదో విద్యార్థుల అభిప్రాయం ఒక్కదాన్ని పట్టుకుని తేల్చే కాలేజీలు ఈ సంగతి గమనించాలి.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇది సాధ్యమేనా? పరికరాలు అక్కర్లేదు. ఏ, బీ, సీ, డీ అని రాసిన నాలుగు రంగుల అట్టముక్కలు విద్యార్థుల చేతికిస్తే చాలు. అడ్డు వచ్చేది సిలబస్సు, అంతకన్నా పెద్ద అడ్డు ప్రశ్నపత్రం. సెమిస్టర్ చివర ఇంపార్టెంట్ క్వశ్చన్స్ బట్టీపట్టినవాడికి డిస్టింక్షన్ వచ్చేటట్టయితే, తరగతిలో పక్కవాడితో వాదించే ఓపిక ఎవరికుంటుంది? మజూర్ కూడా పాఠంతో పాటు పరీక్షల్లోనూ లెక్కల పక్కన భావనల ప్రశ్నలు చేర్చాడు. ప్రతి పేపర్లోనూ ‘ఎందుకు?’ అని అడిగే ఒక్క కొత్త ప్రశ్న ఉంటే చాలు, మిగతా పని విద్యార్థులే మొదలుపెడతారు.