జాబితాలో లేని పాట

డిసెంబరు వచ్చిందంటే నాకో జబ్బు పట్టుకుంటుంది. ఇంగ్లీషు పత్రికలు వేసే 'ఈ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌లు' జాబితాలన్నీ ఒక షీట్‌లో ఎక్కించి, ఎక్కువమంది మెచ్చినవి వరుసపెట్టి వినడం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా దాదాపు గంట. రోజుకో ఆల్బమ్. 2025 జాబితాల్లో పై వరుసల్లో మాటిమాటికీ తగిలిన పేర్లు మూడు: రొసాలియా 'లక్స్', గీస్ బ్యాండ్ 'గెటింగ్ కిల్డ్', బ్యాడ్ బన్నీ 'దెబీ తిరార్ మాస్ ఫొతోస్'. మొదటి రెండూ బాగున్నాయి అనుకున్నాను, అంతే. మూడోది మాత్రం వదల్లేదు. ఈ జాబితాలతో నా పేచీ కూడా దాంతోనే మొదలైంది.

ఆ పేరుకి అర్థం 'ఇంకొన్ని ఫొటోలు తీసుకోవాల్సింది'. జనవరి 5న వచ్చింది, మొత్తం 17 పాటలు. ప్రపంచాన్నంతా రెగెటాన్‌తో ఆడించిన ప్యూర్టో రికో కుర్రాడు ఇందులో తన దీవి పాత సంగీతం దగ్గరికి వెళ్లాడు. సల్సా ఉంది, ప్లేనా ఉంది. ప్లేనా అంటే చేతి డప్పులు వాయిస్తూ ఊళ్లో జరిగిన సంగతులు పాడటం. అక్కడివాళ్లు దాన్ని 'పాడే పత్రిక' అంటారట. హవాయికి పట్టిన గతి మన దీవికి పట్టకూడదని ఒక పాట మొత్తం భయపడుతుంది. నాకు స్పానిష్ ముక్క రాదు. అయినా టైటిల్ పాటలో గుంపుగా వచ్చే గొంతులు విన్నప్పుడు, స్టూడియోలో దిద్దిన కోరస్‌లా కాదు, వాకిట్లో పదిమంది చేరి పాడుతున్నట్టు అనిపించింది. తార్నాక దగ్గర మొదలుపెట్టిన ఆ పాటని రాయదుర్గం దాకా మళ్లీ మళ్లీ విన్నాను.

మరి పేచీ ఎక్కడ? విమర్శకులు పొరబడ్డారని కాదు. ఏకాభిప్రాయం అనేది ఎలా తయారవుతుందో చూడండి. న్యూయార్క్ పత్రిక 'విలేజ్ వాయిస్' 1970లలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపిన విమర్శకుల పోల్ ఉంది, పాజ్ అండ్ జాప్ అని. ఒక్కో విమర్శకుడికీ 100 పాయింట్లు. పది ఆల్బమ్‌లకి పంచాలి. ఒకదానికి 30కి మించి ఇవ్వకూడదు, 5కి తగ్గకూడదు. ఇప్పుడు లెక్కేయండి. ఒకరు ప్రాణం పెట్టి 30 ఇచ్చిన ఆల్బమ్ కన్నా, ముగ్గురు 'పర్లేదు, బాగుంది' అని తలా 12 ఇచ్చిన ఆల్బమ్ పైకొస్తుంది. ఇది మోసం కాదు, కూడిక గుణమే అంత. అందరికీ కొంత నచ్చింది గెలుస్తుంది. ఒక్కడికే పిచ్చిగా నచ్చింది కిందికి జారుతుంది. బ్యాడ్ బన్నీలాగా రెండూ కుదిరేది ఎప్పుడో ఒకసారి.

మన దగ్గర ఆ కూడిక కూడా లేదు. అసలు 'ఆల్బమ్' ఏదని? నెలకో లిరికల్ వీడియోగా పాటలు విడివిడిగా వచ్చేస్తాయి. సినిమా రివ్యూలో సంగీతానికి దక్కేది ఒక్క వాక్యం: 'పాటలు ఓకే, బీజీఎం నెక్స్ట్ లెవెల్'. ఇక మిగిలింది యూట్యూబ్ వ్యూస్, లేదంటే అవార్డులు.

'బలగం' సంగతే తీసుకోండి. 2023 మార్చిలో వచ్చింది. వేణు యెల్దండి సినిమా, భీమ్స్ సిసిరోలియో సంగీతం. 'ఊరు పల్లెటూరు' పాట రాసినందుకు కాసర్ల శ్యామ్‌కి 2025 ఆగస్టులో జాతీయ అవార్డు ప్రకటించారు. సంతోషమే, మంచి పాట. ఊరు విడిచినవాడికి ఊరిని తియ్యగా గుర్తుచేస్తుంది. దానికి కాదనేవాళ్లు ఎవరుంటారు? కానీ ఆ సినిమాని ఊళ్లలో తెరలు కట్టి మరీ చూసిన జనాన్ని ఏడిపించింది చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట. చచ్చిపోయిన కొమురయ్య బతుకుని ఇంటివాళ్ల ముందే విప్పి చెబుతుంది. అది తియ్యగా ఉండదు. వింటున్నవాణ్ని నిలదీస్తుంది. మొగిలయ్య 2024 డిసెంబరులో పోయాడు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 2023 చివర ఫ్రెండ్స్ కోసం నేనూ ఒక జాబితా వేశాను. అందులో 'బలగం' పెట్టలేదు. 'సినిమాలో బాగుంది, ఆల్బమ్‌గా నిలబడదు' అని కారణం కూడా రాశాను. పెద్ద విమర్శకుణ్ని అనుకున్నాను మరి.

ఈ ఏడాది ఎండాకాలం మా నానమ్మ పోయింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ బస్సు ఎక్కి జనగామలో దిగాను. ఊళ్లోకి వెళ్లేసరికి మా మేనత్త శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తోంది. అది ఉత్త ఏడుపు కాదు. వాళ్లవ్వ బీడీలు చుట్టిన రోజులు, ఎండిన బాయి, తన పెళ్లికి చేసిన అప్పు, అన్నీ ఒకే వరస మీద వస్తున్నాయి. ఒక్కో మాట చివర గొంతు పైకి లేచి, విరిగి, మళ్లీ మొదటి స్వరం దగ్గరికే వచ్చి ఆగుతోంది. మధ్యలో నన్ను చూసింది. రెండు గంటల దూరంలో ఉండి పండక్కి పండక్కి వచ్చిపోయే పట్నం మనవణ్ని కూడా ఆ వరసలోనే కలిపేసింది. తలెత్తలేకపోయాను.

మొగిలయ్య, కొమురమ్మ పాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. 'ఆల్బమ్‌గా నిలబడదు' అన్న నా మాట ఎంత తేలికో కూడా తెలిసింది. నిలబడటానికి అది ఆల్బమ్ కాదు. మనిషి పోయిన ఇంట్లో మిగిలినవాళ్లని కూర్చోబెట్టి, లెక్క తేల్చే పద్ధతి. ప్యూర్టో రికో వాకిట్లో గొంతులు నన్ను ఎందుకు పట్టుకున్నాయో కూడా ఇప్పుడు అర్థమవుతోంది. ఆ వాకిలి నాకు ముందే తెలుసు.

జాబితాలు మానేస్తానని చెప్పను. అవి లేకపోతే బ్యాడ్ బన్నీ నా దాకా వచ్చేవాడే కాదు. కాకపోతే ఏ జాబితా అయినా రికార్డయిన వాటినే పోల్చగలదు. ఈ ఏడాది నేను విన్నవాటిలో అన్నిటికన్నా గొప్పది రికార్డు కాలేదు. ఫోన్ నా జేబులోనే ఉంది. తియ్యలేదు. అక్కడ తియ్యడం తప్పని అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ మొన్న మెట్రోలో ఆ వరస గుర్తు తెచ్చుకోబోతే, సగం దాకా వచ్చి ఆగిపోయింది.